ఎన్ని ఐటమ్స్ చేశారండీ?

2022 సంక్రాంతికి పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడికి 365 రకాలతో విందు పెట్టింది. ఏడాదికి 365 రోజులు కదా, అందుకని ఆ లెక్క అని ఇంటివాళ్లు చెప్పారు. ఆ విందు ఫొటో దేశమంతా తిరిగింది. మరుసటి సంక్రాంతికి భీమవరంలో ఇంకో ఇంట 173 రకాలు. 2025లో యానాంలో 470. పేపరుకెక్కని అత్తగార్లు ఇంకెందరున్నారో ఎవరికి ఎరుక! లీపు సంవత్సరంలో 366వది ఏం పెట్టాలన్న ధర్మసందేహం మాత్రం ఇంతవరకు ఎవరికీ వచ్చినట్టు లేదు.

నరసాపురం జాబితాను కాస్త ఓపిగ్గా చదివితే కూరలు ముప్పై రకాలని తేలుతుంది. అన్నం, పులిహోర, బిర్యానీ, గోదావరి మిఠాయిలు ఉండనే ఉన్నాయి. ఆపైన వేడి పానీయాలు, చల్లటి పానీయాలు, పళ్లు, కేకులు, బిస్కెట్లు. బిస్కెట్టు కూడా వంటకమే అని ఒప్పుకున్నాక లెక్క పెంచడానికి అడ్డేముంది? తాపేశ్వరం మడతకాజా ఒకటి, కాకినాడ గొట్టంకాజా రెండు. బెల్లం పూతరేకు, పంచదార పూతరేకు, జీడిపప్పు పూతరేకు కలిపి ఇంకో మూడు. చుట్టింది ఆత్రేయపురంలో ఎవరో ఇల్లాలు, విప్పింది అత్తగారు. బందరు లడ్డూ బందరు నుంచి వస్తుంది, ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ నుంచి వస్తుంది. పొయ్యి వెలిగించకుండానే యాభై దాటించవచ్చు.

ఇక తినడం సంగతి. మనిషి జీర్ణాశయం హాయిగా పట్టుకునేది సుమారు ఒక లీటరు, బలవంతపెడితే ఇంకో అర లీటరు. 365 రకాల్లో ఒక్కొక్కటి పది గ్రాముల చొప్పున రుచి చూసినా మొత్తం 3 కిలోల 650 గ్రాములు అవుతుంది. అల్లుడు గడుసువాడై ఐదేసి గ్రాములతో సరిపెట్టినా కిలో 825 గ్రాములు. ఒక్కో గిన్నెకు ఒక్క నిమిషం కేటాయిస్తే లేచేసరికి ఆరు గంటల ఐదు నిమిషాలు పడుతుంది. పెళ్లి కూడా అంతసేపు పట్టదు. కాబట్టి అల్లుడు అక్కడ కూర్చున్నది తినడానికని ఎవరూ అనుకోనక్కర్లేదు. బల్ల ఎంత పొడుగుందో చూసేవాళ్లకు అంచనా చిక్కాలంటే చివర ఒక మనిషి ఉండాలి.

ఆ ఫొటోకు ఇంకో చిక్కుంది. వండిన పదార్థాన్ని గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచొద్దనీ, వేడిగా వడ్డించేదాన్ని 60 డిగ్రీల పైన ఉంచమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. అన్నం అలా చల్లారుతూ ఉంటే మళ్లీ మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ విషంలో ఒక రకం తిరిగి వేడిచేసినా పోదు. వందల గిన్నెలు వరసగా సర్ది, చేమంతిపూలు చల్లి, కుర్చీ ఎక్కి వీడియో తీసి, బంధువులందరూ వెనక నిలబడేసరికి ఎంతసేపవుతుందో పెళ్లి ఫొటోగ్రాఫర్‌ని అడిగితే తెలుస్తుంది. ప్రేమ వెచ్చగానే ఉంటుంది, పులిహోర సంగతే చెప్పలేం.

సరే, కొత్త అల్లుడంటే ఏడాదికోసారి వచ్చే మురిపెం, వియ్యాలవారి ముందు పరువు. దాన్ని వదిలేయొచ్చు. అసలు జబ్బు అక్కడ లేదు. కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో, విజయవాడ పటమటలో, విశాఖ ఎంవీపీ కాలనీలో ఆదివారం మధ్యాహ్నం ఒక జంట, వాళ్ల ఇద్దరు పిల్లలు భోజనానికి వస్తున్నారంటే బయటపడేది అదే. నరసాపురం వాళ్లు బయటికి చెప్పి లెక్కపెట్టారు, మిగతావాళ్లు మనసులో లెక్కపెడతారు.

శనివారం రాత్రి మెనూ సభ జరుగుతుంది. గృహస్థుడి ప్రారంభోపన్యాసం ఎప్పుడూ ఒకటే: “ఏదో సింపుల్‌గా కానిచ్చెయ్.” ఆ సింపుల్‌లో పప్పు, ఒక వేపుడు, ఒక ఇగురు, పచ్చడి, సాంబారు, పెరుగు ఉంటాయని ఇల్లాలు అనుకుంటుంది. “చికెన్ లేకుండా ఎలా?” అని మొదటి సవరణ. “వాళ్లావిడ శనివారాలు, ఆదివారాలు తినదుగా, పనీర్ పెట్టు” అని రెండోది. “పిల్లలకి నూడుల్స్” అని మూడోది. అప్పుడు అసలు మాట పైకి వస్తుంది: “మొన్న మనం వెళ్లినప్పుడు వాళ్లు పద్నాలుగు పెట్టారు.” అంతే, ఇక మెనూ పద్నాలుగు దగ్గర మొదలై పదహారు దగ్గర ఆగుతుంది. వాళ్లు ఈసారి పిలిచినప్పుడు పద్దెనిమిది. రెండు కుటుంబాల స్నేహం ఇలా ఇంకో రెండేళ్లు నిలిస్తే భీమవరం రికార్డు గల్లంతే.

ఇంత శ్రమపడి తయారుచేసే పదహారు రకాల్లో వంట తెలిసినవాడి ఆలోచన కనిపిస్తే సంతోషించవచ్చు. అదీ కనిపించదు. మామిడికాయ పప్పు, గుత్తివంకాయ, గోంగూర పచ్చడి, పులిహోర, ఉలవచారు, సాంబారు. ఆరుకి ఆరూ పులుపే. పనీర్ బటర్ మసాలా, జీడిపప్పు కూర, మష్రూమ్ కర్రీ: మూడింటికీ టమాటా, ఉల్లిపాయ, జీడిపప్పు ముద్ద ఒకటే, రంగూ ఒకటే. కళ్లకు గంతలు కట్టి ముద్ద నోట్లో పెడితే పేరు చెప్పగలిగినవాడికి బహుమతి ఇవ్వొచ్చు. గోబీ 65, బేబీకార్న్ మంచూరియా, ఉల్లి పకోడీ, బెండకాయ వేపుడు: నాలుగూ ఒకే నూనెలో మునిగి తేలినవి. ఒకదానిలో పులుపుంటే ఇంకోటి కమ్మగా ఉండాలనీ, ఒకటి ముద్దగా ఉంటే పక్కది కరకరలాడాలనీ, చివరి నిమిషంలో వేయించాల్సిన గారెల్లాంటిది మెనూకి ఒక్కటే చాలనీ, పులిహోర పులుసు, రోటిపచ్చడి, కందిపొడి లాంటివి ముందురోజే ముగించాలనీ ఏ పల్లెటూరి పెద్దమ్మనడిగినా చెబుతుంది. అతిథి కూర్చునేవేళకి పొయ్యి మీద ఒక్క గిన్నే ఉండేలా చూసుకోవడమే వంటింటి ప్రణాళిక అంటే. ఐటమ్‌ల లెక్కలో ఆ తెలివికి మార్కులు లేవు. ఉప్పు సరిపోయిన ఒక పప్పుకీ, ఉప్పు లేని ఒక పప్పుకీ తలా ఒక అంకె.

అన్నట్టు, ఆ పదహారులో నాలుగైదు కర్రీ పాయింట్ నుంచి వచ్చినవే. పొట్లం విప్పి, గాజు గిన్నెలో పోసి, పైన రెండు కొత్తిమీర రెబ్బలు వేస్తే ఆ ఇంటి వంటే. ఇందులో తప్పేమీ లేదు. పని తగ్గించుకోవడానికి కొంటే ఇంకా మెచ్చుకోవాలి. ఇక్కడ మాత్రం పని తగ్గించడానికి కొనరు, అంకె పెంచడానికి కొంటారు. కొన్న నాలుగు వచ్చాక చేసేవి పన్నెండు నుంచి ఎనిమిదికి దిగవు.

“ఇది మన సంస్కృతి, మన మర్యాద” అని ఒక సమర్థన ఉంది. దీనికి పాత పుస్తకాలే జవాబు చెబుతాయి. పదహారో శతాబ్దంలో కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి చేత అతిథులకు అన్నం పెట్టించాడు. శ్రీవిల్లిపుత్తూరులో ఆయన ఇంటికి వచ్చేపోయే వైష్ణవులకు లెక్కలేదు. రాజుగారు తల్చుకుంటే 365 రకాలు పెట్టించలేక కాదు. ఆయన రాసిన వానకాలపు మెనూ చూడండి: మంచి బియ్యపు అన్నం, పొట్టు తీసిన పప్పు, వేయించిన కూరలు నాలుగైదు, వడియాలు, వరుగులు, పెరుగు, అన్నిటికీ కావలసినంత నెయ్యి. ముసురు పట్టి కాయగూరలు దొరకనప్పుడు ఎండబెట్టి దాచినవి వాడాలన్న ఇంగితం అందులో ఉంది. ఎండాకాలం వస్తే గోరువెచ్చని అన్నం, తియ్యటి చారు, పల్చటి అంబలి, చెరకు రసం, లేత కొబ్బరినీళ్లు, పళ్లు, నీళ్ల మజ్జిగ. చలికాలం వస్తే మిరియాల ఘాటు, ముక్కుకెక్కే ఆవపచ్చడి, వేడివేడి కూరలు. బయట వాతావరణం ఏమిటి, వచ్చినవాడు ఎండలోంచి వచ్చాడా, వానలో తడిసి వచ్చాడా అన్నదాన్ని బట్టి వడ్డన. మే నెలలో, నలభై నాలుగు డిగ్రీల ఎండలో నడిచొచ్చిన మనిషికి స్టార్టర్‌గా మిరపకాయ బజ్జీ ఇచ్చే ఇళ్లవాళ్లు ఈ ఒక్క ఘట్టమైనా చదవాలి.

అదే వర్ణనలో ఇంకో ముక్క ఉంది. వానాకాలం కట్టెలు తడిసి పొగ చిమ్ముతాయి. ఇల్లాలి కళ్లలోకి పొగ పోకుండా కొబ్బరిచిప్పలతో పొయ్యి వెలిగించి వండించాడట. ఒక చక్రవర్తి, యుద్ధాల మధ్య, అతిథి మర్యాద గురించి రాస్తూ వండే మనిషి కళ్ల గురించి ఆలోచించాడు. ఈ కాలపు మెనూ సభలో ఆ అంశం అజెండాలోనే ఉండదు.

డబ్బిచ్చి తినే చోటు కూడా అంతే. కాకతీయుల నాటి ఓరుగల్లును చూపించే క్రీడాభిరామంలో ఒక రూకకు భోజనం పెట్టే పూటకూటి ఇల్లు వస్తుంది. సువాసన బియ్యం అన్నం, గోధుమపిండితో చేసిన ఒక వంట, కాస్త పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నంజుకోవడానికి నాలుగైదు, చివర గట్టి పెరుగు. అక్కడా నాలుగైదే. అటు భక్తుడి ఇంట్లో నాలుగైదు, ఇటు పూటకూటి ఇంట్లో నాలుగైదు. ఈ సంస్కృతి 365కి ఎప్పుడు చేరిందో కచ్చితంగా చెప్పలేం గానీ, జేబులో కెమెరా వచ్చాకే అన్న అనుమానం మాత్రం బలంగా ఉంది.

తెలంగాణ పల్లెల్లో దావత్ చూసినవాళ్లకు ఇది ఇంకా స్పష్టం. బగారన్నం, మటన్, కోడికూర, పచ్చిపులుసు, పెరుగు. లేచేటప్పుడు ఎవరూ ఎన్ని రకాలని అడగరు. మటన్ ఉడికిందా, ముక్క ఎవరికి ఎంత పడ్డది, దాని మీదే చర్చ. అతిథి మర్యాదకు ఇంతకన్నా నిజాయతీ గల కొలత ఏముంటుంది? ఇప్పుడిప్పుడే హైదరాబాద్‌లోనూ అల్లుళ్లకు వందకు పైగా రకాలు పెట్టిన వార్తలు వస్తున్నాయి. గోదావరి నీళ్ల పంపకం తేలలేదు గానీ గోదావరి అంకెలు మాత్రం ధారాళంగా పారుతున్నాయి.

రకాలు పెరిగితే అతిథి ఎక్కువ తింటాడన్నది నిజమే. 1981లో బార్బరా రోల్స్ అనే పరిశోధకురాలి బృందం తేల్చింది కూడా అదే: ఒకే రకం శాండ్‌విచ్ పెట్టినప్పటికన్నా నాలుగు రకాలు పెట్టినప్పుడు జనం సుమారు మూడోవంతు ఎక్కువ తిన్నారు. ఒక రుచికి మొహం మొత్తినా ఇంకో రుచికి నాలుక మళ్లీ లేస్తుంది. గమనించాల్సింది, ఆ పని నాలుగు రకాలతోనే అయిపోయింది.

అయితే తెలుగు అతిథిని ఎక్కువ తినిపించడమే లక్ష్యమా అన్నది వేరే ప్రశ్న. ఐసీఎంఆర్ అండతో జరిగి 2023లో వెలువడిన ఇండియాబ్ అధ్యయనం లెక్కన దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్ల 10 లక్షల మంది. ఆదివారం భోజనానికి కూర్చునే నలుగురు పెద్దల్లో ఒకరి జేబులో మాత్ర ఉండే అవకాశం బాగానే ఉంది. మిగతా ముగ్గురు ఎవరో ఒక గురువు శిష్యులై ఉంటారు. మంతెన సత్యనారాయణరాజు మార్గంలో ఉన్నవారికి ఉప్పు, నూనె రెండూ వద్దు. వీరమాచనేని రామకృష్ణ పద్ధతి పట్టినవారికి నెయ్యి, కొబ్బరినూనె కావాలి, అన్నం మాత్రం వద్దు. ఖాదర్ వలీ మాట వినేవారికి కొర్రలు, అరికెలు, సామలు, ఊదలు, అండుకొర్రలే ధాన్యం. కార్తీకమైతే ఉల్లి, వెల్లుల్లి వెళ్లిపోతాయి. అయ్యప్ప మాల పడితే ఇంకేమీ అడగక్కర్లేదు. ఇంత వైవిధ్యం ఉన్న జనానికి మెనూ వేయాలంటే ఒక్కటే దారి, ఫోన్ చేసి అడగడం.

అదొక్కటే ఎవరూ చేయరు. అడిగితే పిసినారి అనుకుంటారని వీళ్ల భయం. అడిగినా “అయ్యో, ఏదైనా ఫర్వాలేదండీ” అంటారు వాళ్లు. ఏదైనా ఫర్వాలేదన్న ఆ పెద్దమనిషి ఆదివారం నాడు పదహారు గిన్నెల ముందు కూర్చుని, “నాకు రెండు పుల్కాలు, కాస్త పెరుగు చాలు” అంటాడు. పుల్కా ఒక్కటే ఆ పదహారులో ఉండదు. ఇల్లాలు మళ్లీ పిండి కలపడానికి లేస్తుంది.

ఆవిడ సంగతికే వద్దాం. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన కాలవినియోగ సర్వేలో ఇంటిపని చేసే మహిళ రోజుకు సగటున 299 నిమిషాలు అందులోనే గడుపుతోందని తేలింది. ఇంటిపనిలో చెయ్యి పెట్టిన మగవాడికి 97 నిమిషాలు. అసలు చెయ్యి పెట్టినవాళ్లు మహిళల్లో వందకు 81 మంది, మగవాళ్లలో 26 మంది. ఇది మామూలు రోజు లెక్క. పదహారు రకాల రోజు లెక్క ఏ సర్వేలోనూ లేదు. ఆ రోజు గృహస్థుడి 97 నిమిషాలు ఎక్కడికి పోయాయంటే, సోడాలు తేవడానికి ఒక పావుగంట, మిగతాది హాల్లో అతిథి పక్కన కూర్చుని “ఇది టేస్ట్ చేశారా? మా ఆవిడ స్పెషల్” అనడానికి. వంటను పొగడటం కూడా ఇంటిపనే అని ఆయన గట్టి నమ్మకం. ఆ మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి, ఏ గిన్నె ఖాళీ అవుతోందో చూస్తూ, మూడున్నరకి చల్లారిన అన్నంలో కలుపుకునేది మాత్రం ఒక్క ఐటమే. ఆవకాయ.

అమెరికా తెలుగువాళ్లు ఈ చిక్కుకు పరిష్కారం కనిపెట్టామంటారు. అక్కడ ఒక్కో కుటుంబం ఒక్కో వంట తెచ్చే పాట్‌లక్ పద్ధతి ఉంది, లేదంటే ఇండియన్ రెస్టారెంట్ నుంచి హాఫ్ ట్రే, ఫుల్ ట్రే చొప్పున తెప్పిస్తారు. శ్రమ పంచుకున్నారు, బాగానే ఉంది. లెక్క మాత్రం పంచుకోలేదు. ఎవరికి వారు తమదొక్కటే తక్కువ పడుతుందేమోనని రెండు తెస్తారు. పది కుటుంబాలు, ఇరవై అల్యూమినియం ట్రేలు, వాటిలో బిర్యానీలే ఐదు. పిల్లలు పిజ్జా తింటారు.

ప్రభుత్వాలు కూడా ఈ మధ్యలో దిగి చూశాయి. విందుకు 36 రకాల వాజ్వాన్ అని గొప్పగా చెప్పుకునే కశ్మీర్‌లో, 2017లో రాష్ట్ర ప్రభుత్వం పెళ్లిళ్లలో ప్రధాన వంటకాలు శాకాహారం ఏడు, మాంసాహారం ఏడుకు మించరాదని ఉత్తర్వు తెచ్చింది. మిఠాయికో పళ్లకో రెండు స్టాళ్లు, అంతే. పాకిస్తాన్ పంజాబ్‌లో పెళ్లి విందుకు ఒకే కూర అన్న చట్టమే ఉంది. ఇలాంటిది గోదావరి జిల్లాల్లో పెడితే ఏమవుతుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. బిస్కెట్టు వంటకం కాదని అదే నోటితో అఫిడవిట్ దాఖలవుతుంది. పులస ఇగురు కూర కిందికి రాదని హైకోర్టులో రిట్ పడుతుంది.

మిగిలినదాని ఫొటో ఎవరూ పెట్టరు. 2024లో వెలువడిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన తిండి 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం హోటళ్లదో దుకాణాలదో కాదు, ఇళ్లదే. భారతీయుల ఇళ్లలో తలకు ఏడాదికి 55 కిలోలు. తెలుగు ఇల్లాలికి పారేయడం అంటే ప్రాణం పోయినంత పని, అందుకని ఆవిడ నేరుగా పారేయదు. ముందు ఫ్రిజ్‌లో పెడుతుంది. సోమవారం ఇంటిల్లిపాదీ అదే తింటారు. మంగళవారం పనమ్మాయికి ఇస్తుంది. ఆమె మొహమాటానికి పట్టుకెళ్తుంది. బుధవారం గురువారం గిన్నె మూత ఎవరూ తియ్యరు, శుక్రవారం శుచీ శుభ్రం పేరిట ఫ్రిజ్ తుడుస్తారు.

దానికన్నా సులువైన దారి అతిథుల చేతనే మోయించడం. వెళ్లేటప్పుడు గుమ్మంలో పాలిథీన్ సంచీ పట్టుకుని ఇల్లాలు, వద్దంటూ చేతులు వెనక్కి పెట్టుకున్న అతిథి. రెండు నిమిషాల పెనుగులాటలో ఎప్పుడూ ఇల్లాలే గెలుస్తుంది. స్టీలు డబ్బాల్లో పులిహోర, గుత్తివంకాయ, గులాబ్ జామూన్ కారెక్కుతాయి. డబ్బా ఖాళీగా తిరిగి ఇవ్వకూడదన్న ఆచారం తెలుగువాళ్లందరికీ తెలుసు కాబట్టి వారం తిరిగేసరికి అవే డబ్బాల్లో సున్నుండలు, కజ్జికాయలు, చేగోడీలు వెనక్కి వస్తాయి. ఆ వచ్చేది సరిగ్గా ఇంకో జంటను భోజనానికి పిలిచిన శనివారం రాత్రి. సభ మొదలైంది, అంకె అప్పటికే మూడు.